ఒంటరిగా అద్దెకు దిగుతున్నారా? ముందు ఏరియా చూడండి, తర్వాత ఇల్లు

ఈసారి ఉత్తరాల్లో చాలావరకు కొత్తగా ఉద్యోగంలో చేరి, ఒక్కరే ఇల్లు వెతుక్కుంటున్న యువతీయువకులవే. వాటిలో ఎక్కువమందికి పనికొచ్చే ఏడు ప్రశ్నలు తీసుకున్నాం.

ప్రశ్న: వచ్చే నెల కొత్త నగరంలో ఉద్యోగంలో చేరుతున్నాను. ఆఫీసు ఊరికి ఒక చివర ఉంది. అక్కడ ఇళ్లు కొత్తవి, అద్దెలూ పర్వాలేదు. కానీ రాత్రి ఏడు దాటితే వీధిలో మనిషి కనిపించడంటున్నారు. స్నేహితులంతా నగరం మధ్యలో ఉన్నారు. అక్కడినుంచి ఆఫీసుకు గంటంబావు ప్రయాణం. అమ్మానాన్న ఆఫీసు పక్కనే ఉండమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఈ రెండు చివరల్లో ఏదో ఒకటే పట్టుకోవాలని లేదు. ఆఫీసు నుంచి మీ స్నేహితులుండే చోటికి వెళ్లే బస్సు దారిగానీ, రైలు దారిగానీ గీత గీసుకోండి. ఆ గీత మీద, ఎక్కడా బండి మారనక్కర్లేకుండా ఆఫీసుకు చేరగలిగే ఏరియాలు మూడో నాలుగో దొరుకుతాయి. వెతుకులాట అక్కడ మొదలుపెట్టండి.

ప్రయాణ సమయాన్ని ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు కుర్చీ దాకా లెక్కేయాలి. ‘రైల్లో 25 నిమిషాలే’ అని ప్రకటనలో ఉంటుంది. దానికి స్టేషన్ దాకా నడక 9 నిమిషాలు, రైలు కోసం ఎదురుచూపు 5, దిగాక నడక 7, ఆఫీసు గేటు దగ్గర తనిఖీ, లిఫ్టు కలిపి 6 చేర్చండి. మొత్తం 52. నడకకు నిమిషానికి 80 మీటర్ల చొప్పున లెక్క వేసుకుంటే సరిపోతుంది. మ్యాప్‌లో చూసేటప్పుడు ఇప్పటికిప్పుడు ఎంతసేపని కాక, వారం మధ్యలో ఒక పనిరోజున మీరు ఆఫీసులో ఉండాల్సిన వేళ పెట్టి చూడండి. సాయంత్రం తిరుగు ప్రయాణం విడిగా చూడండి. రెండూ ఒకేలా ఉండవు.

ఒకవైపు ప్రయాణం 45 నిమిషాలు దాటకుండా చూసుకోమని మా సలహా. అరగంటకూ గంటంబావుకూ తేడా 45 నిమిషాలే అనిపిస్తుంది. రానూపోనూ కలిపితే అది గంటన్నర, నెలకు 22 పనిదినాల్లో 33 గంటలు. కాలమేదైనా, దేశమేదైనా మనుషులు సగటున రోజుకు దాదాపు ఒక గంటే ప్రయాణానికి కేటాయిస్తూ వచ్చారని ఇటలీ భౌతికశాస్త్రవేత్త చెజారె మార్కెట్టి 1994లో రాశారు. ఎక్కువసేపు ప్రయాణించేవాళ్లు జీవితం పట్ల తక్కువ తృప్తి చెబుతున్నారని, జీతంలోనో అద్దెలోనో దొరికే లాభం ఆ లోటును పూర్తిగా పూడ్చడం లేదని బ్రూనో ఫ్రై, అలోయిస్ స్టుట్సర్ అనే ఆర్థికవేత్తలు జర్మనీ లెక్కల ఆధారంగా 2008లో చూపించారు. అద్దె తగ్గుతుందనగానే దూరానికి ఒప్పేసుకోవడం మనందరికీ ఉన్న అలవాటే కాబట్టి ఇది గుర్తుపెట్టుకోదగ్గ మాట.

సగటు రోజుతో పాటు చెడ్డ రోజునూ చూడండి. వాన పడితే మునిగే అండర్‌పాస్, ఒకే ఒక్క వంతెన, రైల్వే గేటు లాంటివి మీ దారిలో ఉంటే 40 నిమిషాల ప్రయాణం ఆ రోజు రెండు గంటలు కావచ్చు. ఒక దారి మూసుకుపోయినా మరో దారిలో చేరగలిగే ఏరియా మేలు.

అలాగని మరీ ఆఫీసు పక్కనే దిగొద్దు. ఉద్యోగం మారితే ఆ సౌకర్యం ఒక్క రోజులో పోతుంది. మీ రంగానికి చెందిన ఆఫీసులు నగరంలో రెండు మూడు చోట్ల ఉంటే, వాటన్నిటికీ అందుబాటులో ఉండే ఏరియా ఎంచుకోండి.

ఇక అసలు విషయం. ఇంట్లో ఇద్దరుంటే ఒకరికి జ్వరమొస్తే మరొకరు మందులు తెస్తారు. ఒకరు ఆలస్యమైతే ఇంకొకరు కూరగాయలు తెచ్చిపెడతారు. ఒక్కరే ఉండేవారికి ఆ రెండో మనిషి చేయాల్సిన పనులన్నీ ఏరియాయే చేసిపెట్టాలి. ఏ ఏరియాను చూసినా ఈ పరీక్ష పెట్టండి. రాత్రి తొమ్మిదింటికి 102 జ్వరం వచ్చింది, బండి నడిపే ఓపిక లేదు. మందుల దుకాణానికి నడిచి వెళ్లగలరా? ఇంటికి పంపేవాళ్లున్నారా? తినడానికి తేలికైనదేమైనా దగ్గర్లో దొరుకుతుందా? డాక్టరు ఎంత దూరం? పది నిమిషాల నడకలో, అంటే 800 మీటర్ల లోపు, రాత్రి దాకా తెరిచి ఉండే కిరాణా, మందుల షాపు, భోజనం దొరికే చోటు, నడవడానికో ఆడుకోవడానికో కాస్త ఖాళీ స్థలం ఉన్న ఏరియా అయితే, గది కొంచెం చిన్నదైనా తీసుకోండి.

వేరే ఊళ్లో కూర్చుని వీడియో చూసి ఒప్పందం మీద సంతకం పెట్టొద్దు. మొదటి మూడు నాలుగు వారాలకు సామానుతో ఉన్న గదో, హాస్టలో తీసుకోండి. అక్కడినుంచి ఒక్కో ఏరియాకు పనిరోజు ఉదయం ఎనిమిదింటికి ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి, సెలవురోజు సాయంత్రం ఒకసారి వెళ్లి చూడండి. ఆ నెల కాస్త ఖర్చు ఎక్కువే. నచ్చని ఇంట్లో ఏడాది చిక్కుకోవడంతో పోలిస్తే అది తక్కువే.

ప్రశ్న: జీతంలో 30 శాతానికి మించి అద్దె కట్టకూడదంటారు. నాకు నచ్చిన ఏరియాల్లో అది 34 శాతం అవుతోంది. వదులుకోవాలా?

జవాబు: ఆ 30 శాతం అమెరికా ప్రభుత్వ గృహాల నుంచి వచ్చిన లెక్క. 1969లో అద్దె పరిమితిని ఆదాయంలో 25 శాతంగా పెట్టారు, 1981లో 30కి పెంచారు. ఒంటరి ఉద్యోగిని దృష్టిలో పెట్టుకుని చేసిన సూత్రం కాదది. అద్దెను విడిగా చూడకుండా ప్రయాణ ఖర్చుతో కలిపి చూడండి. చేతికొచ్చే జీతం 100 అనుకుందాం. దగ్గరి ఇంటికి అద్దె 34, ప్రయాణం 4 అయితే మొత్తం 38. దూరపు ఇంటికి అద్దె 26, పెట్రోలు, పార్కింగు, రాత్రిపూట క్యాబులు కలిపి 13 అయితే మొత్తం 39. చవక అనుకున్నది చవక కాలేదు, పైగా సమయమూ పోయింది. మెయింటెనెన్స్, కరెంటు, నీళ్లు, ఇంటర్నెట్ కూడా కలిపి 45 దాటితే మాత్రం ఆ ఏరియా వదిలేయండి, లేదా ఎవరితోనైనా పంచుకోండి. అప్పు వాయిదాలున్నా, ఇంటికి డబ్బు పంపాల్సి ఉన్నా వాటిని ముందే తీసేసి, మిగిలినదాన్ని 100గా తీసుకుని లెక్కేయాలి.

చాలామంది తడబడేది నెలవారీ అద్దె దగ్గర కాదు, మొదటి నెల దగ్గర. అడ్వాన్సు, బ్రోకర్ కమిషన్, సామాను తరలింపు, పరుపు, పొయ్యి, కర్టెన్లు, బకెట్లు అన్నీ ఒకేసారి మీదపడతాయి. ఇల్లు ఖాయం చేసుకునే ముందే వీటి పట్టీ రాసుకోండి.

ప్రశ్న: నా వయసు 26. షిఫ్టు ముగిసి ఇల్లు చేరేసరికి రాత్రి పదకొండవుతుంది. ఒక ఏరియా క్షేమమో కాదో ఎలా తెలుసుకోవాలి? ఎవరినడిగినా ‘ఇక్కడ ఏ ప్రాబ్లమూ లేదమ్మా’ అనే అంటున్నారు.

జవాబు: ఏరియా మొత్తానికి మంచిపేరో చెడ్డపేరో ఉండటం మీకు పెద్దగా ఉపయోగపడదు. పోలీసు కేసుల సంఖ్య కూడా తప్పుదారి పట్టిస్తుంది. మార్కెట్లు, స్టేషన్లు ఉన్నచోట రోజూ వచ్చిపోయే జనం ఎక్కువ కాబట్టి కేసులూ ఎక్కువే నమోదవుతాయి. మీకు కావలసింది బండి దిగిన చోటినుంచి ఇంటి గేటు దాకా ఉన్న చివరి అరకిలోమీటరు సంగతి.

ఆ దారిలో పదకొండింటికే నడవండి. మొదటిసారి తోడు తీసుకెళ్లండి. దారి పొడవునా ఇళ్ల కిటికీలు, బాల్కనీలు రోడ్డువైపు తెరుచుకుంటున్నాయా, లేక రెండువైపులా పొడవాటి ప్రహరీ గోడలేనా? ఖాళీ స్థలాలు, ఆపి ఉంచిన లారీల వరుస ఉన్నాయా? లైటు స్తంభం ఉన్నంత మాత్రాన వెలుగున్నట్టు కాదు. చెట్ల కొమ్మలు దీపాన్ని కమ్మేస్తే కింద చీకటే. ఎదురుగా వచ్చే మనిషి ముఖం నాలుగు మీటర్ల దూరం నుంచి గుర్తుపట్టగలగాలి. నీడలా మాత్రమే కనిపిస్తే ఆ వెలుగు చాలదు. ఎవరైనా వెంటపడుతున్నట్టు అనిపిస్తే ఆగి నిలబడేందుకు ఆ వేళకు తెరిచి ఉండే దుకాణమో, కాపలాదారున్న గేటో మధ్యలో ఒకటైనా ఉండాలి. ఇంటికి రెండు దారులుంటే ఇంకా మంచిది. వీధి చివర మూసుకుపోయి, ఒక్క దారే ఉన్న ఇల్లు ఆ వేళకు వచ్చేవారికి అంత సుఖం కాదు.

క్యాబ్ గేటు దాకా వస్తుందో లేదో ఆ రాత్రే బుక్ చేసి చూడండి. ఇరుకు సందుల్లో లొకేషన్ పక్క వీధిని చూపిస్తుంటుంది, డ్రైవర్లు మలుపులోనే దింపేస్తామంటారు.

‘ఇక్కడ సేఫేనా?’ అని అడిగితే ఎవరైనా అవుననే అంటారు. మీ వేళకే ఇంటికి వచ్చే అమ్మాయి ఆ బిల్డింగులో ఉంటే, ‘మీరు రాత్రి ఏ దారిలో వస్తారు? ఏ దారిలో రారు? ఎందుకు?’ అని అడగండి. ఈ మూడు ప్రశ్నలకు వచ్చే జవాబుల్లో నిజం తెలిసిపోతుంది. ఓనర్‌ను గేటు ఎన్నింటికి వేస్తారో, తాళంచెవి మీకు ఒకటి ఇస్తారో లేదో అడిగి, ఇస్తానంటే దాన్ని ఒప్పందంలో రాయించండి. వాచ్‌మన్‌ను నిద్రలేపితే తప్ప లోపలికి వెళ్లలేని ఇల్లు మీ షిఫ్టుకు పనికిరాదు. మీ రాకపోకల మీద ఓనర్ మొదటి రోజే ఆరాలు మొదలుపెడితే, ఇల్లెంత బాగున్నా మరోటి చూసుకోండి. తర్వాత అవి పెరుగుతాయే తప్ప తగ్గవు.

నేలమీది ఇంటికన్నా మొదటి, రెండో అంతస్తులు నయం. దిగిన రోజే ఓనర్‌కు చెప్పి తలుపు తాళం మార్పించండి. పాత అద్దెదారు దగ్గర, పనివాళ్ల దగ్గర ఎన్ని తాళంచెవులు మిగిలాయో ఎవరికీ తెలియదు.

ప్రశ్న: నాకు చిన్న చప్పుడైనా నిద్ర పట్టదు. వారంలో రెండు రోజులు ఇంటినుంచే పని. ఇల్లు చూసేటప్పుడు ఏం గమనించాలి?

జవాబు: రోడ్డు రొద ఇంటి బయట రోజంతటి సగటున 53 డెసిబెల్‌లకు, రాత్రివేళ 45కు లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా కోసం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. ఫోన్‌లోని కొలిచే యాప్‌లు కచ్చితంగా ఉండవు. కానీ ఒకే ఫోన్‌తో రెండు ఇళ్లను పోల్చడానికి పనికొస్తాయి.

పెద్ద రోడ్డు నుంచి దూరం రెట్టింపయినా రొద తగ్గేది మూడు డెసిబెల్‌లే. మధ్యలో అడ్డంగా ఒక బిల్డింగు ఉంటే అంతకన్నా బాగా తగ్గుతుంది. కాబట్టి రోడ్డుకు కాస్త దూరంగా, ఎదురుగా ఏ అడ్డూ లేకుండా ఉన్న ఇంటికన్నా, రోడ్డుమీది బిల్డింగుల వెనక రెండో వరుసలో ఉన్న ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. పడకగది కిటికీ వెనకవైపు తెరుచుకోవాలి. కిటికీ మూసి, నిశ్శబ్దంగా రెండు నిమిషాలు నిలబడండి. చప్పుడు అద్దంలోంచి కన్నా సందుల్లోంచి ఎక్కువ వస్తుంది.

పగలు తెలియని చప్పుళ్లు వేరే ఉన్నాయి. పై అంతస్తు అయితే నెత్తిమీద లిఫ్టు మోటరు గది, కింది అంతస్తు అయితే పడకగది పక్కనే నీళ్ల మోటరు, హోటల్ వంటగది పొగగొట్టం ఫ్యాను, పక్క బిల్డింగు జనరేటరు. ఇంటి ముందు స్పీడ్ బ్రేకర్ ఉంటే రాత్రంతా బరువు వాహనాలు దడదడలాడతాయి. అన్నిటికన్నా ముఖ్యం, పక్కనే ఖాళీ స్థలం ఉంటే ఈ ఏడాదే అక్కడ ఇల్లు లేవబోతోందేమో అడగండి.

నెట్‌వర్క్‌ను పడకగదిలో తలుపు వేసుకుని చూడాలి. ఫోన్ సెట్టింగుల్లో సిగ్నల్ బలం డీబీఎం (dBm) అనే కొలతలో ఉంటుంది. మైనస్ 90 దగ్గర ఉంటే బాగున్నట్టు, మైనస్ 110 అయితే కాల్స్ తెగిపోతాయి. ఆ బిల్డింగులోకి ఇప్పటికే ఏ బ్రాడ్‌బ్యాండ్ తీగలు వచ్చాయో, ఎంత తరచుగా ఆగిపోతుందో పక్కింటివారిని అడగండి. వీడియో కాల్‌కు వేగం పెద్దగా అక్కర్లేదు, తెగకుండా ఉండటమే కావాలి. కరెంటు పోయినప్పుడు నడిచే ప్లగ్గు రౌటర్ పెట్టే చోట ఉందో లేదో కూడా చూడండి.

ప్రశ్న: ఏరియా నచ్చింది. ఇల్లు చూడటానికి బ్రోకర్ అరగంట ఇచ్చాడు. ఆ అరగంటలో ఏం చూడాలి?

జవాబు: వీలైతే ఉదయం ఏడూ ఎనిమిది మధ్య వెళ్లండి. బిల్డింగులో అందరూ నీళ్లు వాడే వేళ అది. ఒక లీటరు సీసా వెంట తీసుకెళ్లి కుళాయి కింద పెట్టి లెక్కపెట్టండి. 6 సెకన్లలో నిండితే నిమిషానికి 10 లీటర్లు, బాగున్నట్టు. 12 సెకన్లయితే సర్దుకోవచ్చు. 20 దాటితే స్నానానికి తిప్పలే. తర్వాత షవర్ తిప్పి, అది పారుతుండగానే ఫ్లష్ నొక్కండి. ధార సన్నబడిపోతే పైపు చిన్నదో, లోపల తుప్పు పట్టిందో, ట్యాంకు ఎత్తు చాలలేదో అయి ఉంటుంది. ఇవేవీ అద్దెకున్నవారు బాగుచేయించగలిగేవి కావు.

బాత్‌రూమ్ నేలమీద ఒక బకెట్ నీళ్లు పోయండి. నిమిషంలో పోవాలి. పోయేటప్పుడు పక్క కన్నంలోంచి గుడగుడమంటే డ్రైనేజీ పైపులో అడ్డమో, గాలి ఆడకపోవడమో ఉంది. ఇల్లు చాన్నాళ్లు ఖాళీగా ఉంటే కన్నంలో నిలిచే నీరు ఎండిపోయి వాసన వస్తుంది. నీళ్లు పోశాక ఆ వాసన తగ్గాలి. తగ్గకపోతే అనుమానించండి.

చెమ్మ కోసం కళ్లకన్నా చెయ్యి బాగా పనికొస్తుంది. బీరువా వెనక గోడ, కిటికీ కింది అంచు, పైఅంతస్తు బాత్‌రూమ్ కిందకు వచ్చే సీలింగు తడిమి చూడండి. తెల్లటి ఉప్పు పొడి రాలినా, గోడ అంతా పాతదై ఒక ముక్కకు మాత్రం కొత్త రంగు ఉన్నా అక్కడ నీరు దిగుతున్నట్టే. నేలనుంచి పైకెక్కే చెమ్మ సాధారణంగా మీటరు ఎత్తు దాకా మరక కడుతుంది. బయటికి వచ్చాక వీధి చూడండి. ప్రహరీ గోడలమీద ఒకే ఎత్తులో బురద గీత, గుమ్మాల ముందు కొత్తగా కట్టిన చిన్న అడ్డుగోడలు, నేలకు బాగా ఎత్తులో బిగించిన మీటర్లు కనబడితే ఆ వీధి మునుగుతుందన్నమాట. బ్రోకర్ చెప్పని విషయం ఆ గోడలే చెబుతాయి.

ఇంట్లో స్విచ్‌లన్నీ కట్టేసి కరెంటు మీటరు దగ్గరికి వెళ్లండి. ఎర్ర దీపం ఇంకా మిణుకుమంటుంటే మీ మీటరు మీద మరెవరో వాడుకుంటున్నారేమో అడగాలి. ఎండాకాలంలో చూస్తున్నట్టయితే సాయంత్రం ఏడింటికి పడమటి గోడమీద అరచెయ్యి పెట్టండి. ఇంకా వేడిగా ఉంటే ఆ గదిలో నిద్ర కష్టం.

ఇల్లు ఖాయమయ్యాక, సామాను దించకముందే ప్రతి గోడా, పగులూ, మీటరు రీడింగూ వీడియో తీసి ఆ రోజే ఓనర్‌కు పంపండి. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సు మీద జరిగే వాదనలు చాలావరకు ఆ ఒక్క వీడియోతో తీరిపోతాయి.

ప్రశ్న: ఇంటర్నెట్‌లో చూసిన ఫ్లాటుకు టోకెన్ అడ్వాన్సు పంపితేనే చూపిస్తామంటున్నారు. పంపవచ్చా?

జవాబు: పంపొద్దు. చూడకుండా ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ‘ఓనర్ విదేశాల్లో ఉన్నాడు, తాళాలు కొరియర్ చేస్తాం’ అన్నా, చుట్టుపక్కల అద్దెలకన్నా బాగా తక్కువ చెప్పినా మోసమే అనుకోండి. ఫొటోలను ఇంటర్నెట్‌లో ఇమేజ్ సెర్చ్‌లో పెట్టి చూస్తే అవే గదులు మరో ఊరి ప్రకటనలోనూ కనిపిస్తుంటాయి. చూసి నచ్చాక ఇచ్చే టోకెన్ కూడా ఓనర్ పేరున్న ఖాతాకే పంపి, ఎన్ని రోజుల్లో ఒప్పందం కాకపోతే తిరిగిస్తారో రాతపూర్వకంగా తీసుకోండి. ఇంటి పన్ను రసీదు మీద పేరు, ఖాతా పేరు ఒకటేనో కాదో సరిచూసుకోవాలి.

ప్రశ్న: మంచి ఏరియాలో ముగ్గురం కలిసి ఒక ఫ్లాటు తీసుకోవడమా, దూరంగా ఒక్కణ్నే ఉండటమా? ఓనర్ ఒప్పందం ఒక్కరి పేరునే రాస్తానంటున్నాడు.

జవాబు: కొత్త నగరంలో మొదటి ఏడాది అయితే కలిసి ఉండటానికే మా ఓటు. పంచుకున్న ఫ్లాటు నచ్చకపోతే మారడం తేలిక. తెలిసినవాళ్లు లేని దూరపు ఏరియాలో ఒంటరితనం మెల్లగా పేరుకుంటుంది, చాలామంది దాన్ని ఆలస్యంగా గుర్తిస్తారు.

కానీ ఒప్పందంలో ముగ్గురి పేర్లూ ఉండాలి. ఒక్కరి పేరే ఉంటే అద్దె మొత్తానికీ, నష్టాలకూ బాధ్యుడు ఆ ఒక్కడే. మిగతా ఇద్దరికీ ఆ ఇంట్లో ఉండే హక్కుకు కాగితమే లేదు. ఓనర్ ససేమిరా అంటే, ముగ్గురూ సంతకాలు పెట్టిన విడి కాగితమైనా రాసుకోండి. ఎవరి వాటా ఎంత, అడ్వాన్సులో ఎవరు ఎంత ఇచ్చారు, మధ్యలో వెళ్లేవారు ఎన్ని రోజుల ముందు చెప్పాలి, కొత్తవాణ్ని ఎవరు వెతకాలి, వాడిచ్చే అడ్వాన్సు వెళ్లేవాడికి ఎప్పుడు అందాలి అన్నవన్నీ అందులో ఉండాలి.

ఒప్పందంలో లాకిన్ గడువునూ (మధ్యలో ఖాళీ చేయకుండా ఉండాల్సిన కనీస కాలం), నోటీసు గడువునూ విడివిడిగా చదవండి. ఒక నెల నోటీసు చాలని రాసి ఉన్నా, ఆరు నెలల లాకిన్ ఉంటే మూడో నెలలో వెళ్లినవాళ్లు మిగతా నెలల అద్దె కట్టాల్సి రావచ్చు. ఉద్యోగం వేరే ఊరికి మారితే లాకిన్ వర్తించదని ఒక వాక్యం చేర్చమని అడగండి. అడిగితే ఒప్పుకునే ఓనర్లు ఉన్నారు, అడిగేవాళ్లే తక్కువ.

అద్దెను మూడు సమానభాగాలు చేయొద్దు. ఒక గదికి సొంత బాత్‌రూమ్ ఉండి, మరోటి వంటింటి పక్కన ఉంటే సమానం న్యాయం కాదు, రెండో నెలకే గొణుగుడు మొదలవుతుంది. ముందు గదులకు ధరలు కట్టండి, మొత్తం అద్దెకు సరిపోవాలి. ఇద్దరు ఒకే గది కోరితే దాని ధర కాస్త పెంచి, ఎవరూ కోరని గది ధర అంతే తగ్గించండి. ముగ్గురూ మూడు వేర్వేరు గదులు కోరుకునేదాకా ఇలా చేస్తూ పోండి. సామాను చేరకముందే ఇది తేలిపోవాలి. ఒకసారి ఎవరైనా మంచం వేసేశాక ఆ గది ధర గురించి మాట్లాడటం కష్టం.